కొల్లూరు వజ్రపు గని

కృష్ణానది కర్ణాటకమును వీడి నారాయణపేట జిల్లాలోని తంగిడి గ్రామము కడ తెలంగాణమున ప్రవేశించును. గద్వాల, వనపర్తి సీమల నడుమ జూరాల ఆనకట్టను దాటి, బీచుపల్లి ఆంజనేయస్వామి కోవెల ప్రక్కగా పారి, ఆలంపురము చేరువలో తుంగభద్రను తనలో కలుపుకొని, కొల్లాపురము దాపున సోమశిలను ఒరసికొనుచు నల్లమల కొండలలో దూరును. శ్రీశైలమును, నాగార్జునసాగరమును గడచిన పిమ్మట కొండలు కొంచెము వెనుకకు జరిగి నదికి చోటిచ్చును. అట్టి చోట, నది కుడి గట్టున, కొండల యొడిలో కొల్లూరు అను చిన్న పల్లె యొకటి యుండెను. నేటి పరిపాలన విభాగములను బట్టి చెప్పవలెనన్న అది పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలమునకు చెందిన స్థలము. 'ఉండెను' అని యేల వ్రాసితినో ముందు తెలియగలదు.

బాలలారా! మీలో నదీతీరమున పెరిగినవారు ఇసుకలో గులకరాళ్లను ఏరి ఆడుకొనియే యుందురు. అట్టి గులకరాళ్ల నడుమ, అట్టి ఇసుకయందే, లోకములోని చక్రవర్తులు ఒకరి చేతినుండి ఒకరు లాగికొనిన వజ్రములు ఒకప్పుడు కొల్లూరి నేలలో దొరకెను. బ్రెజిలు దేశమున 1725 ప్రాంతమున వజ్రములు బయల్పడువరకు లోకమంతటికిని వజ్రముల నిచ్చిన దేశము మనదియే. బోర్నియో ద్వీపమున కొద్దిపాటి దొరకినను అవి లెక్కకు వచ్చునంతటివి కావు. దక్షిణాఫ్రికా గనుల మాట 1867 తరువాతిది.

'గోల్కొండ వజ్రము' అను మాట మీరు వినియుందురు. గోల్కొండ కోటలో వజ్రపు గని యున్నదని కొందరు తలంతురు. అది సరి కాదు. గోల్కొండ అంగడి మాత్రమే. గనులు కృష్ణా, తుంగభద్రా, పెన్నా నదుల పరిసరములందుండెను. 1518 మొదలు 1687 వరకు గోల్కొండనేలిన కుతుబ్ షాహీ సుల్తానులకు ఆ గనులలో పెక్కింటిపై అధికారముండుటచే అక్కడి రాళ్లు గోల్కొండకు చేరి, ఆ పేరుతోనే దేశాంతరములకు వెళ్లినవి. త్రవ్వినవాని యూరి పేరు మరుగుపడి, అమ్మినచోటి పేరు నిలిచినది.

కొల్లూరి గని మొట్టమొదట ఎట్లు తెలిసినది? ఇద్దరు విదేశీయులు రెండు కథలు వ్రాసిరి. విలియం మెత్వోల్డు అను ఆంగ్లేయుడు మచిలీపట్టణమున ఈస్టిండియా కంపెనీ వర్తకశాలలో ఉద్యోగము చేసి, 1620 ప్రాంతమున ఈ గనిని స్వయముగా చూచినవాడు. ఆ కొండలలో మేకలు కాచు బీదవాడొకడు మెరయుచున్న రాయిని తొక్కి, దాని విలువ నెరుగక కొద్దిపాటి బియ్యమునకు అమ్మివేసెనని అతడు వినెను. తరువాత కొంతకాలమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు ఝాన్ బాప్టిస్ట్ టావెర్నియే వినిన కథ వేరు. జొన్నల వంటి పైరు విత్తుటకు నేల త్రవ్వుచున్న పేదరైతుకు కొనదేరిన రాయి యొకటి కనబడెననియు, దానిని అతడు గోల్కొండకు తీసికొని పోగా అదృష్టవశమున వజ్రముల నెరిగిన వర్తకునికే చూపెననియు, అది ఇంచుమించు 25 కారెట్ల బరువు తూగెననియు టావెర్నియే వ్రాసెను. కాలమును గూర్చియు ఇరువురి మాటలు కలియవు. కథలు ఎట్లున్నను రెండింటిలోను కనుగొన్నవాడు పేదవాడే. రెండింటిలోను అతని పేరు లేదు.

టావెర్నియే 1605లో పుట్టి 1689లో మరణించెను. ఆరు పర్యాయములు తూర్పు దేశములకు ప్రయాణము చేసి, 1676లో తన యాత్రాగ్రంథమును ప్రకటించెను. అతడు కవియు కాడు, చరిత్రకారుడును కాడు. లాభమునకై తిరిగిన వర్తకుడు. అందుచేతనే కాబోలు, అతని దృష్టి తూకములమీద, కూలిమీద, సుంకములమీద నిలిచినది. అవి వ్రాసిపెట్టువారు ఆ కాలమున అరుదు. కొల్లూరిని అతడు ఒక తమాషా పేరుతో పిలిచెను. ఆ గనిని దేశభాషలో 'గని' యందురనియు, పారసీక భాషలో 'కొల్లూరు' అందురనియు వ్రాసెను! ఎక్కడికి పోవుచున్నావని అడిగినపుడు కూలివారు 'గనికి' అని యుందురు. ఆయన దానినే ఊరి పేరు చేసెను. తెలుగు సామాన్యనామము ఫ్రెంచి గ్రంథమునకెక్కి, రెండు వందల యేండ్లు ఐరోపా పండితులను దారి తప్పించినది. 'గని' యెక్కడ నున్నదని వారు పటములు వెదకిరి. 1880 దశకమున భూశాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ ఆ గ్రంథమును ఇంగ్లీషు చేయుచు, ప్రయాణదూరములను పటములతో సరిచూచి, టావెర్నియే చెప్పిన గని కృష్ణాతీరపు కొల్లూరేయని స్థిరపరచెను.

ఆ చోటి నైసర్గికస్వరూపమును టావెర్నియే కొన్ని మాటలలో చక్కగా చెప్పెను. పల్లెకు ఎదురుగా ఎత్తైన కొండలు అర్ధచంద్రాకారముగా నిలిచియున్నవి. పల్లెకును కొండలకును మధ్య మైదానము కలదు. త్రవ్వకమంతయు ఆ మైదానమునందే. కొండలకు దగ్గరగా పోయినకొలది పెద్ద రాళ్లు దొరకును. మరీ పైకెక్కినచో ఏమియు దొరకదు. మెత్వోల్డు నాడు ఆ చోట 30,000 మంది పని చేయుచుండిరట. టావెర్నియే వచ్చునప్పటికి పురుషులు, స్త్రీలు, పిల్లలు కలిసి 60,000 మంది. ఈ సంఖ్యలు తలలు లెక్కించి చెప్పినవి కావు, చూపు మేరకు చెప్పినవి. అయినను, నేడు మన సీమలోని ఒక పట్టణపు జనమంత జనము ఆ కొండల నడుమ గుడిసెలు వేసికొని బ్రతికెనని గ్రహింపవచ్చును.

ఇక పని విధానమును చెప్పెదను. ఇది జాగ్రత్తగా చదువదగినది. ఏలయనగా ఇందులో యంత్రమన్నది లేదు, నీరు, ఎండ, గాలి, చేట, రోకలి మాత్రమే పనిముట్లు.

త్రవ్వదలచిన చోటును నిర్ణయించిన పిమ్మట దాని ప్రక్కనే అంతే వైశాల్యము గల మరియొక చోటును చదును చేసి, చుట్టును రెండడుగుల ఎత్తున గోడ పెట్టుదురు. గోడ అడుగున రెండేసి అడుగుల దూరమున నీరు పోవుటకు కంతలుంచి, తాత్కాలికముగా వానిని మూసివేయుదురు. ఇది మట్టిని కడుగు తొట్టి యనుకొనుడు.

పని ప్రారంభించు దినమున యజమానియు, అతని బంధువులును, కూలివారు ఆలుబిడ్డలతోను అందరును చేరుదురు. తాము కొలుచు దేవత శిలావిగ్రహమును నేలపై నిలిపి, మూడుమారులు సాగిలి మ్రొక్కుదురు. పూజారి మంత్రము చదివి, కుంకుమపువ్వును జిగురును కలిపిన ముద్దతో ఒక్కొక్కరి నొసట గుర్తు పెట్టి, దానిపై ఏడెనిమిది బియ్యపు గింజలను అంటించును. టావెర్నియే కుంకుమపువ్వు అని వ్రాసినది మన పసుపే కావచ్చునని నా యూహ. పసుపు అక్షతల నెరిగిన యింట పెరిగినవారికి ఆ దృశ్యము వెంటనే పోల్చుకొనదగినది. పిదప అందరును స్నానము చేసి, వరుసగా కూర్చుండి, యజమాని పెట్టు విందును ఆరగింతురు. విస్తళ్లలో అన్నము, చిన్న రాగి గిన్నెలలో కరగించిన నెయ్యి, చక్కెర వడ్డించుదురట. సంవత్సరములో వారికి నెయ్యి ఎన్ని దినములు దొరకెనో టావెర్నియే చెప్పలేదు.

విందు ముగిసిన పిమ్మట పురుషులు త్రవ్వనారంభింతురు. స్త్రీలును పిల్లలును మట్టిని మోసి గోడ కట్టిన చోట పోయుదురు. పది, పండ్రెండు, ఒక్కొక్కచో పదునాలుగు అడుగుల లోతువరకు త్రవ్వుదురు. నీరు తగిలెనా, అచ్చటితో ఆశ ముగిసినట్లే. అంతకు దిగువ వజ్రము దొరకదని వారి యనుభవము. అయితే ఆ నీటిని వ్యర్థము పోనీయరు. కుండలతో చేది మోసికొని వచ్చి, పోసిన మట్టిపై గుమ్మరింతురు. ఒకటి రెండు దినములు నాననిచ్చినచో మట్టి జావవలె అగును. అప్పుడు గోడ అడుగున నున్న కంతలను తెరచి, మరల నీరు పోయుదురు. బురద కొట్టుకొని పోవును. ఇసుక, గులక మిగులును. నీరు చాలని యెడల ఇదే పని రెండుమూడు తడవలు చేయవలెను.

మిగిలిన దానిని ఎండకు వదలుదురు. మన ఎండలు ఆ పనిని త్వరగా ముగించును. తరువాత చేటలవంటి గంపలతో, కళ్లములో ధాన్యము తూర్పారబట్టినట్లు, గాలికి ఎగురవేయుదురు. సన్నని దుమ్ము ఎగిరిపోవును, మొరము నేలపై పడును. గట్టి మట్టిగడ్డలు మిగిలియుండును గనుక, పెద్ద కొయ్య రోకళ్లతో మెల్లగా దంచి, తిరిగి తూర్పారబట్టుదురు. పూర్వము కొయ్యకు బదులు రాళ్లతో దంచెడివారనియు, దానివలన వజ్రములలో పగుళ్లు ఏర్పడుచుండుటచే ఆ పద్ధతిని మానిరనియు టావెర్నియే వ్రాసెను. వజ్రము అన్నిటికన్న కఠినమైనదే. దానిని మరియొక వజ్రము తప్ప గీయజాలదు. కాని కఠినమైనది పగులదని అనుకొనరాదు. కొన్ని దిశలలో దెబ్బ తగిలిన అది నిలువునా చీలును. రసాయనశాస్త్రము చదువని ఆ కూలివారు ఈ భేదమును చేతి యనుభవముతో నేర్చిరి.

చివరకు మొరమును పలుచగా పరచి, ఒకే ప్రక్కన వరుసగా కూర్చుండి, చేతులతో వెదకుదురు. పొలము దున్నుట, ఇల్లలుకుట, నూర్పు, తూర్పారబట్టుట, బియ్యములో రాళ్లేరుట. ఈ పనులన్నియు ఎరిగిన రైతుకుటుంబముల నైపుణ్యమే కొల్లూరి గనిలో పని చేసినది. బియ్యములో రాయి నేరి పారవేయుదురు. ఇచ్చట బియ్యము వంటి మొరమును పారవేసి రాయిని ఉంచుకొందురు.

ఈ నైపుణ్యమునకు ప్రతిఫలమేమి? టావెర్నియే చూచిన మరియొక గని రావల్కొండ. ఆ పేరు గల చోటు ఏదియను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు; కర్నూలుకు దక్షిణమున నున్న రామళ్లకోట కావచ్చునని వాలెంటైన్ బాల్ తలచెను. అచ్చటి కూలిని గూర్చి టావెర్నియే స్పష్టముగా చెప్పెను: పని బాగుగా తెలిసిన మనిషికి సంవత్సరమునకు మూడు వరహాలు. గని త్రవ్వించు వర్తకుడు యాభైమంది కూలివారిని పెట్టినచో రాజునకు దినమునకు రెండు వరహాలు, నూరుమందిని పెట్టినచో నాలుగు వరహాలు చెల్లింపవలెను. కొన్న రాళ్లపై నూటికి రెండు చొప్పున సుంకము వేరు. ఇప్పుడు మీరే లెక్క కట్టుడు. ఏడాది పొడవునా పని సాగినదనుకొన్నచో యాభైమంది కూలి నూటయేబది వరహాలు. రాజుకు చెల్లునది ఏడువందల ముప్పది వరహాలు. రాజు రెండు దినములలో తీసికొన్నది కూలివాని ఏటి కూలికన్న ఎక్కువ.

కావున కూలివారిలో కొందరు చిన్న రాయి కనబడినపుడు దాచుకొనుటకు జంకరని టావెర్నియే కోపము లేకుండ వ్రాసెను. కూలి తక్కువగుటచే అట్లు చేయుదురని కారణమును కూడ తెలిపెను. ఒంటిమీద గోచి తప్ప వేరు గుడ్డ లేనందున రాయిని మ్రింగివేయుదురట. కంటి మూలలో రాతిని దాచి పట్టుబడినవాని నొకనిని వర్తకులు ఆయనకు చూపిరట. యాభైమందికి పండ్రెండు మొదలు పదునైదుగురు వరకు కావలివారుండిరి. పెద్ద రాయి దొరకి నిజాయితీగా యజమానికి అప్పగించినవానికి తలపాగా గుడ్డ, అర వరహా యో వరహా యో రొక్కము, కొంత బియ్యము, పళ్లెరము చక్కెర బహుమానము. కొల్లూరిలో మెత్వోల్డు నాడు పది కారెట్లకు మించిన రాయి ఏది దొరకినను రాజుదే.

బేరములు జరుగు తీరు వేరొక వింత. రావల్కొండలో ప్రతి ఉదయమును పది మొదలు పదునారేండ్లలోపు వర్తకుల పిల్లలు ఊరి నడుమ పెద్ద చెట్టు క్రింద చేరెడివారు. ఒక్కొక్కని నడుమున ఒక ప్రక్క రాళ్లు తూచు గుండ్ల సంచి, మరియొక ప్రక్క బంగారు వరహాల సంచి. కొందరి సంచిలో ఆరువందల వరహాల వరకు ఉండెనట. అనగా రెండువందల మంది కూలివారి ఏటి కూలి ఒక బాలుని మొలలో వ్రేలాడుచుండెను! ఎవడైన రాయి తెచ్చినచో దానిని పెద్దవాని చేతికిచ్చును. అతడు చూచి, మాటాడక ప్రక్కవానికిచ్చును. అట్లే చేతులు మారి మారి రాయి తిరిగి మొదటివానిని చేరును. అప్పుడతడు ధర అడిగి బేరమాడును. ఎక్కువ పెట్టి కొన్నచో నష్టమతనిదే. సాయంకాలము అందరును కూడి ఆనాడు కొన్న రాళ్లను నీటిని బట్టి, బరువును బట్టి, నిర్మలతను బట్టి వేరు చేసి, వెలకట్టి పెద్ద వర్తకులకు అమ్మెదరు. లాభము అందరికిని సమానమే; పెద్దవానికి మాత్రము నూటికి పావు వంతు అధికము. ఆ పసివారికి రాయి విలువ ఎంత బాగుగా తెలియుననగా, ఒకడు కొన్న దానిని వేరొకడు అప్పటికప్పుడు కొనుటకు సిద్ధముగా నుండెనని టావెర్నియే ఆశ్చర్యపడెను.

పెద్దల బేరము నిశ్శబ్దముగా సాగును. కొనువాడును అమ్మువాడును ఎదురెదురుగా కూర్చుండి, గుడ్డ మరుగున చేయి పట్టుకొందురు. అరచేయి యంతయు పట్టినచో వేయి. ఎన్నిమారులు నొక్కిన అన్ని వేలు. అయిదు వ్రేళ్లు పట్టిన అయిదు వందలు, ఒక వ్రేలు నూరు, సగము వ్రేలు యాభై, వ్రేలి కొన పది. నలుగురి నడుమ బేరము ముగిసినను ధర ఇద్దరికే తెలియును. మన సంతలలో ఎడ్ల బేరము చేయువారు తువాలు క్రింద వ్రేళ్లు పట్టుకొనుటను చూచినవారికి ఇది క్రొత్త కాదు. ఐరోపావారు రాతి నీటిని పగటి వెలుతురున పరీక్షింపగా, మనవారు రాత్రివేళ గోడలో గూడు చేసి, లావు వత్తి దీపముంచి, రాయిని వ్రేళ్ల నడుమ పట్టి చూచెడివారు.

కొల్లూరినుండి వెళ్లిన రాళ్లలో అన్నిటికన్న పెద్దది 'గ్రేట్ మొగల్' అని పేరొందినది. గోల్కొండ మంత్రియై, గనులపై అధికారము వహించి, పిదప మొగలుల పక్షమున చేరిన మీర్ జుమ్లా దానిని షాజహానునకు కానుక యిచ్చెను. కోయకముందు దాని బరువు 787 కారెట్లకు పైబడి యుండెనని టావెర్నియే లెక్క. హోర్టెన్సియో బోర్జియో అను వెనీసు నగరపు పనివాడు దానిని సాన పట్టి, అరిగించి అరిగించి 280 కారెట్లకు తెచ్చెను. కూలి యిచ్చుటకు మారుగా చక్రవర్తి అతనికి పదివేల రూపాయల జరిమానా విధించెను. 1665లో ఔరంగజేబు కొలువున టావెర్నియే ఆ వజ్రమును చేతిలోనికి తీసికొని చూచెను. తరువాత అది ఏమయ్యెనో నిశ్చయముగా తెలియదు.

కోహినూరు కొల్లూరిదేయని పెక్కురు చెప్పుదురు. సాక్ష్యము గట్టిది కాదు. పంజాబు రాజ్యము 1849లో ఆంగ్లేయుల వశమైనపుడు అది వారి చేతికి చిక్కినది. 1852లో తిరిగి కోయబడి 105.6 కారెట్లయి, నేడు లండను కోటలో రాజచిహ్నముల నడుమ నున్నది. టావెర్నియే భారతదేశమున కొని 1668లో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి అమ్మిన నీలివజ్రమును గూర్చియు అదే మాట వాడుకలో నున్నది. అది 1792 విప్లవకాలమున దొంగల పాలై, చిన్నదిగా కోయబడి, 'హోప్ వజ్రము' అను పేర 45.52 కారెట్ల బరువుతో 1958 నుండి వాషింగ్టను నగరములోని స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది. దాని నీలిరంగునకు కారణము అందులో అత్యల్పముగా చేరిన బోరాన్ అను మూలకము.

నది ఒడ్డున వజ్రములెందుకు దొరకవలెను? వజ్రము శుద్ధమైన కర్బనము. పెన్సిలు ములికిలోని గ్రాఫైటును అదియే. భూమికి నూటయేబది కిలోమీటర్లకు పైగా లోతున, మిక్కుటమైన వేడిమికిని ఒత్తిడికిని లోనై, కర్బనము వజ్రముగా మారును. అచ్చటినుండి ఒకానొక జాతి ద్రవశిల పగుళ్లగుండ వేగముగా పైకి తన్నుకొని వచ్చునపుడు తనతో వజ్రములను మోసికొని వచ్చును. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణమును బట్టి ఆ శిలకు కింబర్లైటు అని పేరు. ఆ శిల కోట్ల సంవత్సరములు ఎండకు వానకు చివికి, వాగుల వెంట కొట్టుకొని పోగా, బరువైనవియు కఠినమైనవియు అగు వజ్రములు గులకరాళ్లతో కూడి నదీతీరములందు నిలుచును.

అట్టి కింబర్లైటు మన దాపుననే యున్నదని మీకు తెలియునా? నారాయణపేట, మద్దూరు, కోటకొండ పరిసరములలో భూశాస్త్రజ్ఞులు కింబర్లైటు నాళములను పెక్కింటిని కనుగొనిరి. రాయచూరు సీమలోను, అనంతపురపు వజ్రకరూరులోను ఇంకను కలవు. ఇవి సుమారు నూటపది కోట్ల సంవత్సరముల నాటివి. వజ్రకరూరు శిలలలో వజ్రములున్నవి గాని, నారాయణపేట శిలలలో చెప్పుకొనదగినన్ని దొరకలేదు. కొల్లూరి వజ్రములు ఏ నాళమునుండి బయలుదేరినవో ఇంతవరకు ఎవరును తేల్చలేదు. మీలో ఒకరు భూశాస్త్రము చదివి ఆ చిక్కు విప్పిన విప్పవచ్చును.

గని ఒక్కనాడు మూతపడలేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించెను. తరువాత రాజ్యము చేతులు మారెను. సులభముగా దొరకు మొరము తరిగిపోయెను. బ్రెజిలు వజ్రములు ఐరోపా అంగళ్లను నింపుటచే ధరలు పడెను. వర్తకులు వెనుదీసినపుడు కూలివారికి పని లేకుండుట సహజము. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చటికి పోయినవారికి కనబడినవి పూడిన గోతులును, కడిగి పారవేసిన మొరపు దిబ్బలును, ఒక చిన్న పల్లెయు మాత్రమే.

గని మూతపడిన ఊళ్లు లోకమున ఎన్నియో కలవు. జర్మనీ దేశమున హార్జ్ అను కొండలలో గోస్లారు పట్టణము చెంత రామెల్స్‌బెర్గ్ గని వేయి సంవత్సరములకు పైగా సాగి 1988లో మూతపడెను. వారు సొరంగములను, నీటి చక్రములను, పనివారి దీపములను అట్లే నిలిపి ప్రదర్శనశాలగా మార్చిరి. 1992లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సాంస్కృతిక సంస్థ దానిని ప్రపంచ వారసత్వముగా గుర్తించినది. పాఠశాలల పిల్లలు పోయి, తమ ముత్తాతలు ఎక్కడ వంగి పని చేసిరో చూచి వత్తురు.

కొల్లూరి గతి వేరు. డెల్టా పొలములకు సకాలమున నీరందించుటకై కృష్ణపై పులిచింతల యొద్ద ఆనకట్ట కట్టబడెను. 45.77 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టు ఆ జలాశయమునకు, నీటిపారుదల నిపుణుడు డాక్టరు కె.ఎల్. రావు పేరిడి 2013 డిసెంబరులో ప్రారంభించిరి. నీరు నిలుచుటతో కొల్లూరు మునిగినది. ప్రజలు ఇండ్లు వాకిండ్లు వదలి పునరావాస గ్రామములకు తరలిరి.

ఇట్టిది మన సీమకు తెలియని కష్టము కాదు. 1980 దశకమున శ్రీశైల జలాశయము నిండినపుడు ఆలంపురము, కొల్లాపురము ప్రాంతములలో పెక్కు గ్రామములు మునిగిపోయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి, గుర్తులు వేసి ఆలంపురమున తిరిగి నిలిపిరి. సోమశిల కోవెలలను గట్టుపైకి చేర్చిరి. గుడిని విప్పి మోయవచ్చును. గోతిని, దిబ్బను, అరువదివేలమంది పాదముల జాడను మోయుటకు వీలులేదు. డెల్టా రైతుకు ఆ నీరు అవసరమనుటలో నాకు సందేహము లేదు. కాని నీరు నిలుపకమునుపు ఆ గోతులను కొలిచి, పటము గీసి, ఫొటోలు తీసి, ఒక చిన్న ప్రదర్శనశాలను ఎగువ గట్టున కట్టియుండిన బాగుండెడిదని నా యభిప్రాయము.

వేసవిలో జలాశయపు మట్టము తగ్గినపుడు పాత త్రవ్వకముల దిబ్బలు కొన్ని తేలును. ఆ దినములలో చుట్టుప్రక్కల జనులు వచ్చి మొరమును జల్లించుచు వెదకుదురు. కర్నూలు జిల్లాలోని జొన్నగిరి, తుగ్గలి ప్రాంతముల పొలములలోను తొలకరి వానలు పడగానే ఇదే పని. వాన మట్టిని కడిగినపుడు రాయి మెరయునని వారి నమ్మకము. దొరకుటయు ఒక్కొక్కమారు జరుగుచున్నది. కుటుంబములతో వచ్చి, చెట్ల క్రింద వండుకొని తిని, ఆలుమగలు పిల్లలు వరుసగా వంగి నేలను చూచుచు సాగుదురు. దొరికిన రాయిని స్థానిక వర్తకులు కొందురు. ధరను గూర్చిన బేరము ఇప్పటికిని రహస్యముగనే సాగుచున్నది.